గేదె ఒప్పుకోని మడ్‌గార్డు

పాత మోటారు సైకిళ్ళు బాగుచేసే పనిలోకి దిగుతున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి సలహాలు అడుగుతుంటారు. రేకు ఎంత మందం తీసుకోవాలి, తుప్పు తినేసిన అంచుని కోసి అతకాలా, మొత్తం కొత్తగా చేసుకోవాలా అని. అన్నీ చెప్తాను. లేచి వెళ్ళబోతుంటే ఇంకొకటి కూడా చెప్తాను. బండి ఒప్పుకునే ముందు ఆ ఇంట్లో పాడిగేదె ఉందేమో కనుక్కోండి అంటాను. పెద్దాయనకి వయసు మీద పడిందనుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. అందుకే ఈ సంగతి రాసి పెడుతున్నాను. నవ్వుకోవాలంటే పూర్తిగా చదివాకే నవ్వుకోండి.

మా షెడ్డు చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్ళే దారిలో ఉండేది. ఒక పక్కన పత్తి మిల్లు, ఇంకో పక్కన మిరపకాయలు ఆరబోసే కల్లం. పెయింటు పనికి ఇంతకంటే పనికిరాని చోటు వెతికినా దొరకదు. పత్తి వచ్చే రోజుల్లో తడి పెయింటు మీద దూది వాలి, నల్లటి మడ్‌గార్డుకి తెల్లటి మీసాలు మొలిచేవి. మిరపకాయలు వచ్చే రోజుల్లో మా పెయింటరు స్ప్రే గన్ను పట్టుకుని తుమ్మేవాడు. తుమ్మిన చోట పెయింటు దళసరి, తుమ్మని చోట పల్చన. రెండు పంటలకీ మధ్య దొరికే కాస్త సమయంలోనే మా చేతిలో మంచి పని జరిగేది.

మేం ముగ్గురం ఉండేవాళ్ళం. పెయింటరు సంగతి చెప్పాను కదా. రెండోవాడు వెల్డరు. చేతిలో మంట ఉన్నా లేకపోయినా వాడి కళ్ళు అతుకుల మీదే ఉండేవి. హోటల్లో కూర్చుంటే ముందు బల్ల కింద వంగి కాళ్ళ అతుకులు చూసేవాడు, తర్వాతే ఇడ్లీ చెప్పేవాడు. తమ్ముడి పెళ్ళిచూపులకి వెళ్ళి, వాళ్ళ గేటు వెల్డింగు చూసి, ఈ సంబంధం వద్దని గుమ్మంలోంచే తిరిగొచ్చిన మనిషి. మూడోవాణ్ణి నేను. సొట్టలు తీయడం, మడ్‌గార్డులు, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లు నా పని. నా జబ్బు వేరు. నాకు చప్పుడంటే పడదు. బస్సులో కిటికీ అద్దం టకటకలాడుతుంటే జేబులోంచి కాగితం మడిచి సందులో దోపేదాకా నాకు కాలు నిలవదు. మా ఆవిడ వంటింట్లో మూతలు గలగలలాడించేది నా మీద కోపం వచ్చినప్పుడే.

అలాంటి నా దగ్గరికి ఒక మిరప రైతు బండి తెచ్చాడు. తెచ్చాడనడం కంటే, ముందు మడ్‌గార్డు చప్పుడు వచ్చింది, కాసేపటికి ఆయన వచ్చాడు అనాలి. వాళ్ళ నాన్న నడిపిన పాత మోటారు సైకిలు. వెనక మడ్‌గార్డు బ్రాకెట్లు రెండూ ఎప్పుడో విరిగిపోయాయి. ఒకదాని బదులు ఇనప తీగ చుట్టారు, రెండోదాని బదులు పత్తి బేళ్ళకి బిగించే రేకు పట్టీ కట్టారు. గతుకు తగిలినప్పుడల్లా మడ్‌గార్డు టైరుకి ఒకసారి, పట్టీకి ఒకసారి, నంబరు ప్లేటుకి ఒకసారి కొట్టుకునేది. నేను రెండు చెవులూ మూసుకున్నాను.

"గుంటూరులో పాత బళ్ళ ప్రదర్శన పెడుతున్నారంట మేస్త్రీ. ఫోన్లో చూశా. కప్పులిస్తున్నారంట. మా నాన్న బండి అక్కడ నిలబడాల" అన్నాడు.

"నిలబడుద్ది. నోరు మూసుకుని నిలబడుద్ది" అన్నాను.

పని వివరాలతో మిమ్మల్ని విసిగించను. పుచ్చిపోయిన అంచు కోసి కొత్త రేకు అతికాం. సొట్టలన్నీ తీశాను. బ్రాకెట్లు మాత్రం పాత ముక్కల కొలత చూసుకుని, మందపాటి పట్టీ కాల్చి వంచి, నా చేత్తో నేనే చేశాను. లోహం లోహానికి తగిలే ప్రతి చోటా రబ్బరు వాషరు పెట్టాను. పెయింటరు కూడా ఆ పది రోజులూ దాదాపు తుమ్మలేదు. అంతా బిగించాక ఇంజను స్టార్టు చేసి వెనక మడ్‌గార్డు మీద టీ గ్లాసు పెట్టాను. టీ వణికింది గానీ మడ్‌గార్డు కిక్కురుమనలేదు. నా జీవితంలో అంత మంచి పని అంతకుముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. ఆ గ్లాసులో టీ ముగ్గురం పంచుకుని తాగాం. రైతు బండి తీసుకుని వెళ్ళాడు. ఆయన రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా చెవులు రిక్కించి విన్నాను. ఏమీ వినిపించలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ప్రదర్శన ఆదివారం. గురువారం పొద్దున్నే షెడ్డు ముందు ఆటో ఆగింది. ఖాళీ పాలబకెట్టు పట్టుకుని ఒకావిడ దిగింది.

"ఇక్కడ మేస్త్రి ఎవరండీ?" అంది.

పెయింటరూ వెల్డరూ ఇద్దరూ వేళ్ళు చాపి నన్ను చూపించారు. అంత చురుగ్గా వాళ్ళు ఇంకే పనీ చేయగా నేను చూడలేదు.

"మా బండికి ఏం చేశావన్నయ్యా?"

రైతు భార్య అని అర్థమైంది. "బాగుచేశాం చెల్లెమ్మా. ఏం, చప్పుడేమన్నా వస్తుందా?" అన్నాను.

"రావట్లా. అదే నా ఏడుపు" అని బకెట్టు నా సుత్తుల మధ్య పెట్టి కూర్చుంది.

అప్పుడు చెప్పుకొచ్చింది. వాళ్ళకొక గేదె ఉంది. దూడగా ఉన్నప్పటి నుంచీ ఆవిడే పెంచింది. మొన్నటి ఈతలో దాని దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. సూది వేయిస్తే చేపుతుందని ఊరంతా చెప్పారు. ఆవిడ పొమ్మంది. బెంగతో గేదె మేత కూడా మానేసింది. అలాంటి రోజుల్లో ఈ రైతు పొద్దునా సాయంత్రం చేలోంచి పచ్చిగడ్డి మోపు బండి వెనక కట్టుకుని వచ్చేవాడు. వీధి మొదట్లో ఆ మడ్‌గార్డు చప్పుడు వినపడగానే గేదె తల ఎత్తేది. బండి పెరట్లోకి వచ్చేసరికి చేపేది. దూడ చేయాల్సిన పని మడ్‌గార్డు చేసిందన్నమాట. బండి మా షెడ్డులో ఉన్నన్నాళ్ళూ తవుడు ఎక్కువేసి, మెడ నిమిరి, బతిమాలి, సగం పాలైనా పిండుకుంది. బండి వస్తే అన్నీ సర్దుకుంటాయని ఎదురుచూసింది. బండి వచ్చింది.

"వీధిలోంచి వచ్చింది, పెరట్లోకొచ్చింది, దాని ముందే ఆగింది. నా తల్లి కళ్ళెత్తి చూసింది. ఎవరో చుట్టాలొచ్చారనుకుని మళ్ళీ నెమరేసుకుంటా కూచుంది. అప్పట్నుంచి అలిగింది, ఎంత బతిమాలినా చుక్క లేదు" అని కళ్ళు తుడుచుకుంది. "ఇట్టాగే ఇంకో వారం పోతే ఒట్టిపోద్ది. ఒట్టిపోతే సంతకి తోలేద్దామంటున్నాడు మీ బావ."

ఆవిడ నన్ను అన్నయ్యా అంది కాబట్టి ఆ రైతు నాకు బావ అయిపోయాడు. ఒట్టిపోయిన గేదెని సంతకి తోలడమంటే కటికవాడికి అప్పగించడమేనని నాకూ తెలుసు.

"మీరేమన్నారు?"

"ఆ గేదె సంతకి బయల్దేరితే, దాని వెనకాలే నీ బండి పాతినప కొట్టుకి బయల్దేరుద్దని చెప్పా."

నా బ్రాకెట్లు పాతినప కొట్టులో కాటా మీద పడ్డట్టు నా కళ్ళకి కనిపించింది. ఆ సాయంత్రం పాలు పితికే వేళకి ముగ్గురం ఆ ఊరెళ్ళాం.

గేదె నల్లగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంది. మా పెయింటరు దాన్ని చూసి, "ఫినిషింగు చూడరా, మనకెప్పుడన్నా వచ్చిందా ఇంత నునుపు?" అని నా చెవిలో అన్నాడు. ముందు రైతు ఫోను తీశాడు. రిపేరుకి ముందు బండి ఎలా ఉండేదో మాకు చూపించడానికి తీసిన వీడియో అందులో ఉంది. సౌండు పూర్తిగా పెంచి గేదె మొహం ముందు పెట్టాం. చెవులు నిక్కించింది. దగ్గరికొచ్చి వాసన చూసింది. మాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఇంత పొడుగు నాలుక చాపి ఫోను మొత్తం నాకేసింది. ఆ నాకుడికి ఎవరికో ఫోను వెళ్ళింది. అవతల నుంచి ఎరువుల కొట్టాయన "హలో, హలో, చెప్పండి, ఏం కావాలి?" అని అరుస్తున్నాడు. ఆయన ఎంత మర్యాదగా అడిగినా గేదె చేపలేదు.

తర్వాత పెయింటరు లప్పం డబ్బాలో నట్లూ బోల్టులూ పోసి గలగలలాడించాడు. గేదె బెదిరి ఎగిరి బకెట్టు తన్నింది. అది వెళ్ళి నీళ్ళ తొట్లో పడింది. వెల్డరు మా షెడ్డు నుంచి మోసుకొచ్చిన తుక్కు మడ్‌గార్డుని స్పానరుతో వాయించడం మొదలుపెట్టాడు. గేదె వాణ్ణి కాసేపు చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగి, మా ముగ్గురికీ తోక వైపు పెట్టి నిలబడింది. ఏ కస్టమరూ నా మొహం మీద అంత స్పష్టంగా అభిప్రాయం చెప్పలేదు. గోడ మీదికెక్కి చూస్తున్న పక్కింటివాళ్ళు చప్పట్లు కొట్టారు.

"బోల్టులు వదులు చెయ్యన్నయ్యా. నీకు పుణ్యం ఉంటది" అంది ఆవిడ.

వదులు చేశాను. రైతు బండెక్కి పెరడంతా తిప్పాడు. చప్పుడు లేదు. ఇంకాస్త వదులు చేశాను. అయినా లేదు. నా బ్రాకెట్టు కొలత అంత సరిగ్గా కుదిరింది, దానికి తోడు రబ్బరు వాషర్లు. నట్లు చేత్తో తిరిగేంత వదులైనా మడ్‌గార్డు దాని చోట అది పూజలో కూర్చున్నట్టు కూర్చుంది. నా పని మీద నాకే అంత ఒళ్ళు మండడం అదే మొదటిసారి.

"ఇంక కోయాల్సిందే" అన్నాడు వెల్డరు. కన్నబిడ్డని కోస్తానన్నట్టు చూశాను వాడి వంక.

"ఆదివారం దాకా ఆగవే. ప్రదర్శన ఒక్కటి అవ్వనీ. మా నాన్న బండే, నాకూ ఉంటది కదా" అన్నాడు రైతు.

చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం సాయంత్రం ప్రదర్శన నుంచి నేరుగా ఈ పెరట్లోకే వచ్చి, నా చేత్తో నేనే బ్రాకెట్లు కోసేసి, పాత తీగా, పాత రేకు పట్టీ కట్టాలి. ఊరికే మాట ఇస్తే ఆవిడ వినలేదు. గేదె నెత్తి మీద చెయ్యి పెట్టించి నా చేత ఒట్టేయించుకుంది. గేదె నా మోచెయ్యి నాకింది. దాన్ని ఒప్పుకోలు కిందే లెక్కేసుకున్నాం. మర్నాడు షెడ్డు వెనక తుక్కులో వెతికి ఆ తీగా, పట్టీ బయటికి తీశాను. వాటినీ, ఇనుము కోసే హాక్సా బ్లేడునీ ఒక సంచిలో పెట్టుకున్నాను.

ఆదివారం గుంటూరులో గ్రౌండు నిండా పాత బళ్ళే. వాటి పక్కన కొత్త చొక్కాలు వేసుకుని యజమానులు. మావాడు బండిని ఎన్నిసార్లు తుడిచాడో, తుడిచిన గుడ్డే అరిగిపోయింది. తీర్పు చెప్పేవాళ్ళు ముగ్గురొచ్చారు. ఒకాయన జేబులోంచి అయస్కాంతం తీసి మడ్‌గార్డు మీద అక్కడక్కడా ఆనించి చూశాడు. లప్పం మందంగా పూసి సొట్ట దాచేసిన చోట అయస్కాంతం అతుక్కోదు. మా పెయింటరు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. అన్ని చోట్లా అతుక్కుంది. ఇంకొకాయన వెనక మడ్‌గార్డు పట్టుకుని రెండు చేతులతో ఊపాడు. ఊపి, తల వంచి విన్నాడు. మళ్ళీ ఊపాడు. "ఎవరు చేశారండీ ఈ బ్రాకెట్లు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. సాయంత్రానికి వాటిని కోసేస్తానని ఆయనతో ఎలా చెప్పను?

మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వచ్చిన బండికి అసలు వెనక మడ్‌గార్డే లేదు. ఆ కాలంలో కొందరు అది పీకేసి నడిపేవాళ్ళట, అందుకని అదే అసలు రూపమట. జీవితమంతా మడ్‌గార్డులు చేసినవాడికి ఇది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కప్పు మాత్రం పెద్దది. మంచినీళ్ళ బిందెంత ఉంది. పైన మూత, పక్కన రెండు చెవులు. రైతు దాన్ని గుండెలకి హత్తుకుంటుంటే వెల్డరు చెవి పట్టుకుని కదిపాడు. చెవి ఊగింది. రెండోది కదిపాడు. అది ఇంకా ఎక్కువ ఊగింది. మూత కూడా పట్టు లేకుండా గలగలలాడింది.

"ఇది అతుకు కాదు బావా, అబద్ధం. షెడ్డుకి పట్టుకురా, చిటికెలో బిగిస్తా" అన్నాడు.

"తర్వాత్తర్వాత. పాల వేళయిపోద్ది" అన్నాడు రైతు.

వాళ్ళిద్దరూ బస్సులో వస్తామన్నారు. బ్రాకెట్లు కోయాల్సినవాణ్ణి కాబట్టి సంచి ఒళ్ళో పెట్టుకుని నేను బండి వెనక కూర్చున్నాను. కప్పు పట్టుకోవడానికి చోటు లేదు. పచ్చిగడ్డి మోపు కట్టే తాడుతోనే దాన్ని నంబరు ప్లేటు బ్రాకెట్టుకి వేలాడదీసి కట్టాం. పెయింటు గీసుకుపోతుందని పెయింటరు తన తువ్వాలు దానికి చుట్టి, పసిపిల్లని అప్పగించినట్టు పదిసార్లు జాగ్రత్తలు చెప్పి పంపాడు.

చిలకలూరిపేట దాటాక గాలికి ఆ తువ్వాలు ఎగిరిపోయి పత్తి చేలో పడింది. అప్పట్నుంచి మొదలైంది. గతుకు తగిలితే కప్పు మడ్‌గార్డుకి కొట్టుకునేది. చెవులు కప్పుకి కొట్టుకునేవి. మూత చెవులకి కొట్టుకునేది. ఒక్కో దెబ్బకీ నా వెన్నులో సూది దిగినట్టుండేది. "బావా, ఆపు, నేను చేత్తో పట్టుకుంటా" అని అరిచాను. ఆ మోతలో ఆయనకి వినపడలేదు.

వాళ్ళ వీధి మొదట్లోకి తిరిగాం. ఇంకా ఇల్లు కనపడలేదు. అప్పుడే గేదె అరుపు వినిపించింది. ఆ వెనకాలే ఆవిడ కేక.

"చేపింది! చేపిందయ్యో! రా, రా, తొందరగా రా!"

పెరట్లోకి వచ్చేసరికి ఆవిడ అప్పటికే పొదుగు కింద బకెట్టు పెట్టి కూర్చుంది. రైతు బండి ఆపాడు. చప్పుడు ఆగింది. గేదె కాలు విదిలించింది.

"ఆపొద్దు! ఆపితే చంపుతా! తిప్పు!" అని అరిచింది ఆవిడ, తల తిప్పకుండానే.

ఇంక చూడండి మా తిరుగుడు. గడ్డివామి చుట్టూ ఒక రౌండు, నీళ్ళ తొట్టి చుట్టూ ఒక రౌండు, మళ్ళీ గడ్డివామి. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. కొత్త చొక్కాలో రైతు హ్యాండిలు పట్టుకుని నడుపుతున్నాడు. వెనక నేను హాక్సా ఉన్న సంచి కావలించుకుని కూర్చున్నాను. నా వెనక రెండో బహుమతి గణగణలాడుతోంది. గోడ మీద మళ్ళీ పక్కింటివాళ్ళు. బకెట్టులో పాల ధార చప్పుడు మాత్రం అంత మోతలోనూ నాకు వినపడింది. జీవితమంతా చప్పుళ్ళని తిట్టుకున్న మనిషిని నేను. ఆ వేళ వాటిలో ఏ ఒక్కటి ఆగినా ఏడ్చేసేవాణ్ణి. బకెట్టు నురగతో నిండాక ఆవిడ చెయ్యెత్తింది, మేం ఆగాం. ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పగలబడి నవ్వాం. ఆవిడ నవ్వుతూనే గేదె మెడ పట్టుకుని ఏడ్చింది.

"ఇంక కొయ్యక్కర్లా అన్నయ్యా. ఆ సంచి ఇంటికి పట్టుకుపో" అంది.

బ్రాకెట్లు బతికాయి. గేదె సంతకి వెళ్ళలేదు. దిగి వెనక్కి వంగి చూస్తే కప్పు కొట్టుకున్న చోట పెయింటు రూపాయి బిళ్ళంత మేర లేచిపోయి, లోపల నేను సుత్తితో నునుపు చేసిన రేకు తెల్లగా కనిపించింది. ఆ మచ్చ కోసం పెయింటరు ఏడాదికోసారి డబ్బా పట్టుకుని ఆ ఊరెళ్ళి పూసి వస్తాడు. వారం తిరక్కుండా మళ్ళీ లేచిపోతుంది. వెల్డరైతే ఆ చెవులు అతికి తీరతానని ఒకసారి గ్యాసు సిలిండరు వేసుకుని మరీ వెళ్ళాడు. కప్పు మీద చెయ్యి వేస్తే చెయ్యి ఉండదని ఆవిడ పేడతట్టతో అడ్డం నిలబడింది. వాడు ఇప్పటికీ ఆ కప్పు తలుచుకుని నిట్టూరుస్తాడు. నా పనికి వచ్చిన ఒకే ఒక్క బహుమతి ఏ అద్దాల బీరువాలోనూ లేదు. బండి వెనక తాడుకి వేలాడుతూ రోజుకి రెండు పూటలా డ్యూటీ చేస్తోంది.

ఇప్పుడు నేను పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. మా ఇల్లు పాలకేంద్రం దారిలోనే. సాయంత్రం పాలు పితకడం అవ్వగానే బావ క్యాను పెట్టుకుని ఇటే వస్తాడు. మాకని ఒక గిద్దెడు పాలు ఆవిడ విడిగా పంపుతుంది, వద్దన్నా ఊరుకోదు. వీధి మలుపులో ఆ కప్పు చప్పుడు వినపడిందో లేదో, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే లేచి, వంటింట్లోంచి గిన్నె తీసుకుని గుమ్మంలోకి వెళ్ళిపోతాను. నాకు తెలియకుండానే కాళ్ళు కదులుతాయి. ఆ పాలతో పెట్టే కాఫీ అలాంటిది.

మొన్న కూడా అలాగే గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, లోపల్నుంచి మా ఆవిడ బావతో అంది:

"వచ్చారా అన్నయ్యా! బండి చప్పుడు మా ఇంట్లో గేదె కూడా వినేసింది లెండి."